తిరువాలంగాటి ప్రేక్షకురాలు

చలనచిత్ర చరిత్రను గూర్చి వ్రాయు మనవారు తరచుగా ఒక వంశవృక్షమును గీయుదురు. తోలుబొమ్మలాట తాత, మాయాదీపము తండ్రి, చలనచిత్రము మనుమడు. వృక్షము చూచుటకు ముచ్చటగానే యున్నది. వెలుగు, తెర, బొమ్మ అను మూడును మూడింటియందును కలవు గనుక అన్నియు నొకే కుటుంబమని తీర్మానించుటయు సులభమే. ఆ తీర్మానమును మేము అంగీకరింపజాలము. వెలుగును లెక్కించి, తెరను లెక్కించి, బొమ్మను లెక్కించి, ప్రేక్షకుని లెక్కింపకుండుట అందలి లోపము. చూచువాడెవడు? ఎచ్చట కూర్చుండి చూచుచున్నాడు? చూచుటకై ఏమి వెల చెల్లించుచున్నాడు? ఈ ప్రశ్నలు వేసినచో ఆ మూడు కళలును మూడు దారులు పట్టును. వానికి మాకు తెలిసినంతలో మిక్కిలి గంభీరమైన సమాధానము తిరువళ్లూరునకును తిరుత్తణికిని దాపున నున్న తిరువాలంగాటిలో దొరకుచున్నది. అది చెప్పుటకు ముందు మాయాదీపమును గూర్చి కొంత చెప్పవలెను. నేడు దానిని కంటితో చూచినవారు అరుదు.

అది యొక రేకు పెట్టె. లోపల కిరోసిను దీపము. ఖర్చు పెట్టగలవారికి మండు వాయువులతో తెల్లగా కాల్చిన సున్నపు ముద్ద వెలుగు. దీపము వెనుక వెలుగును ముందునకు త్రోయు అద్దము. ముందు గుండ్రని కటకము. దాని ముందు గాజు పలకపై రంగులతో వ్రాసిన బొమ్మ. ఆ బొమ్మను పెద్దది చేసి తెరపైకి పంపు కటకములు గల గొట్టము. పెట్టె నెత్తిన పొగగొట్టము. గాజు పలకను తలక్రిందులుగా దూర్చవలెను. అప్పుడే బొమ్మ తెరపై నిటారుగా నిలుచును. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞప్తియం దుంచుకొందురు గాక. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు ఈ పెట్టెను మద్రాసు రాజధానిలో పల్లెలకు గొనిపోయిరి. బొంబాయికి చేరువనున్న కళ్యాణపురములో పట్వర్ధన్ కుటుంబమువారు 1892లో రామాయణాది కథలను గాజు పలకలపై చిత్రించి చూపుచు, తమ ప్రదర్శనమునకు ‘శాంబరిక ఖరోలిక’ యని పేరు పెట్టుకొనిరి. శంబరుడు మాయావియైన అసురుడు. శాంబరి యనగా మాయ. అసురుని విద్య పేరు పెట్టి శ్రీరాముని కథ చూపుట మనదేశమున ఎవ్వరికిని వింతగా తోచలేదు. ఇది గమనింపదగిన విషయము.

ఐరోపాలో ఈ యంత్రము పుట్టుకయే దెయ్యముతో ముడిపడినది. హాలండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ 1659లో తన వ్రాతప్రతిలో మాయాదీపమున చూపదగిన చిన్న బొమ్మలు కొన్ని గీసికొనెను. ఆ యంత్రమును గూర్చిన తొలి ఆధారములలో అవి ముఖ్యములు. అందులో నున్నది ఒక అస్థిపంజరము. అది తన తలను తానే ఊడదీసి, చేతబట్టి, మరల మెడపై నిలుపుకొనును. చిత్రకారుడు హోల్బైన్ గీసిన మృత్యునృత్యపు బొమ్మలు దానికి ప్రేరణమని చెప్పుదురు. శనిగ్రహపు వలయమును వివరించిన మహానుభావునకు ఈ ఆటవస్తువు చిన్నతనముగా తోచినది. 1662లో తండ్రి దాని నొకదానిని ఫ్రాన్సు రాజాస్థానమున చూపుటకై పంపుమని కోరగా, అది సరిగా పని చేయకుండునట్లు కటకము నొకదానిని తీసివేయుమని తమ్మునకు వ్రాసెను. తమ కుటుంబము పేరు గారడీ పెట్టెతో ముడిపడుట ఆయనకు నచ్చలేదు.

హైగెన్స్ సిగ్గుపడిన దానితోనే రాబర్ట్‌సన్ అను పేర ప్రసిద్ధుడైన బెల్జియము దేశస్థుడు ఖ్యాతి గడించెను. ఫ్రెంచి విప్లవము ముగియుచున్న దినములలో, 1798లో అతడు పారిసున ‘ఫాంటస్మగోరియా’ యను భూతప్రదర్శనమును ప్రారంభించి, మరుసటి యేట కాపుచిన్ సన్న్యాసినుల పాత మఠమునకు దానిని మార్చెను. ప్రేక్షకులు చీకటి వసారాల గుండ నడచి, పుర్రెలు, ఎముకలు అలంకరించిన గదిలోనికి వత్తురు. దీపము లారును. తెర ఎక్కడ నున్నదో వారికి తెలియదు; యంత్రము తెరకు వెనుక నుండును. దానికి చక్రములు. దానిని వెనుకకు లాగిన కొలది బొమ్మ పెరుగును; చూచువారికి దెయ్యము తమపైకి పరుగెత్తుకొని వచ్చినట్లుండును. ఒక్కొక్కప్పుడు తెరయే యుండదు. పొగపైన బొమ్మ పడి వణకును. గాజు గిన్నెల వాద్యము సన్నగా మ్రోగుచుండును. గిలటీను క్రింద బంధువులను పోగొట్టుకొన్నవారు ఆ సభలో కూర్చుండి, చచ్చినవారి ముఖములు తేలివచ్చుట చూచుచుండిరి.

ఈ ప్రదర్శనపు నేర్పును మేము తక్కువ చేయము. యంత్రమును దాచుట, తెరను దాచుట, బొమ్మ చుట్టును నల్లరంగు పూసి గాలిలో తేలునట్లు చేయుట — ఈనాటి చలనచిత్రములలోని భూతకథల కౌశలమంతయు దాదాపుగా అచ్చటనే యున్నది. రాబర్ట్‌సన్ తాను మూఢవిశ్వాసమును బోగొట్టుటకే ఇది చేయుచున్నానని చెప్పుకొనెను. దెయ్యము లేదని ముందు ఉపన్యసించి, పిమ్మట దెయ్యమును చూపి భయపెట్టి డబ్బు పుచ్చుకొనెను. మన యూళ్లలో భూతవైద్యుడు ఇంతకంటె నిజాయితీపరుడు. అతడు దెయ్యము కలదని చెప్పియే రుసుము వసూలు చేయును. కాని మా అసలు అభ్యంతరము దీనికి సంబంధించినది కాదు. ఆ గదిలో ప్రేక్షకునకు భయపడుట కంటె వేరొక పని లేదు. బొమ్మ వచ్చును, అతడు ఉలికిపడును, దీపములు వెలుగును, అతడు బ్రతికి యున్నందుకు సంతోషించి యింటికి పోవును. వచ్చినవాడే పోయినాడు. ఏ కళకైనను ఇది చాలునా?

ఇక మన సీమకు వత్తము. చెన్నపట్టణము నుండి పశ్చిమముగా 1856లో వేసిన రైలుదారి తిరువళ్లూరు మీదుగా, తిరువాలంగాడు మీదుగా, అరక్కోణమునకు పోవును. అచ్చట నుండి రేణిగుంట వైపు తిరిగినచో తిరుత్తణి వచ్చును. తిరువాలంగాటి రైలుస్టేషనులో దిగువారు కొద్దిమంది. ఊరిలో వటారణ్యేశ్వరుని కోవెల. నటరాజునకు గల అయిదు సభలలో రత్నసభ ఇదియే. కాళితో పోటీపడి శివుడు కాలిని నెత్తి మీదికెత్తి ఊర్ధ్వతాండవము చేసిన చోటుగా దీనికి ప్రసిద్ధి. ఆలమనగా మఱ్ఱి, కాడనగా అడవియు, వల్లకాడును. ఈ రెండవ యర్థమే మాకు ముఖ్యము.

ఈ ఊరికి రెండు దెయ్యపు కథలు కలవు. మొదటిది ప్రక్కనున్న పళైయనూరి నీలి కథ. తనను చంపిన వానిపై పగబట్టిన స్త్రీ మరుజన్మమున వర్తకుడైన ఆ పురుషుని వెంట తగిలి, కఱ్ఱముక్కను బిడ్డగా మార్చి చంకనిడుకొని, ఊరి పెద్దలయెదుట నిలుచున్నది. ఇతడు నా భర్త, నన్ను విడిచి పోవుచున్నాడని యేడ్చినది. వర్తకుడు అది దెయ్యమని మొరపెట్టుకొన్నాడు. పెద్దలు చూచిరి: ఏడ్చుచున్న ఆడుది, తండ్రివైపు చేతులు చాచు బిడ్డ. బొమ్మ సంపూర్ణముగా నున్నది; లోపము లేదు. కాపురము చేయుమని తీర్పు చెప్పిరి. నీకు హాని జరిగినచో మా ప్రాణము లిత్తుమని మాట కూడ నిచ్చిరి. తెల్లవారునప్పటికి వర్తకుడు చచ్చి పడియుండెను. డెబ్బదిమంది వెళ్లాళ పెద్దలును అగ్నిలో దూకి మాట నిలుపుకొనిరని కథ.

సాధారణముగా ఈ కథను సత్యవ్రతమునకు ఉదాహరణముగా చెప్పుదురు. మేము దీనిని ప్రేక్షకుని కథగా చదువుచున్నాము. ఇచ్చట దెయ్యము చేసినది రాబర్ట్‌సన్ చేసినదే: లేనిదానిని ఉన్నట్లు చూపినది. భేదమంతయు చూచినవారిలో నున్నది. పారిసులోని ప్రేక్షకుడు మోసపోవుటకే టిక్కెట్టు కొన్నాడు. మోసపోయినందుకు అతనికి నష్టము లేదు. పళైయనూరి పెద్దలు తాము చూచినదానికి తామే పూచీపడిరి. కన్ను చేసిన పొరపాటునకు దేహము వెల యిచ్చినది. ‘మేము చూచితిమి, కాని అది మాయ, మా తప్పేమున్నది?’ అని వారనలేదు. చూచుట యనునది బాధ్యతగల పనియను భావము ఇంత కఠినముగా చెప్పిన దెయ్యపు కథ మరియొకటి మాకు తెలియదు.

రెండవ కథ అంతకంటె గొప్పది. కారైక్కాలులో పునీతవతి యను వర్తకుని భార్య యుండెను. భర్త పంపిన రెండు మామిడిపండ్లలో నొకటి శివభక్తునకు పెట్టెను. భర్త భోజనమునకు వచ్చి, మిగిలిన దానిని తిని, రెండవదియు వడ్డింపుమనెను. ఆమె శివుని వేడగా చేతికి పండు వచ్చినది. దాని రుచి వేరుగా నుండుటచే అతడు నిలదీసి, నిజము తెలిసికొని, మరియొకటి తెప్పించుమనెను. అదియు వచ్చినది, అతడు చేత బట్టగనే మాయమైనది. పరమదత్తుడు వణకిపోయెను. భార్యను విడిచి, పాండ్యదేశమున వేరొక కాపురము పెట్టి, చివరకామె యెదుటపడినప్పుడు భార్యాబిడ్డలతో సాష్టాంగపడెను. పెరియపురాణమున 12వ శతాబ్దిలో సేక్కిళార్ చెప్పిన కథ యిది. ఇచ్చట పరమదత్తుని స్థితి మాకు జాలి కలిగించుచున్నది. అతడు చెడ్డవాడు కాడు. రాబర్ట్‌సన్ గదిలో కూర్చుండదగిన ప్రేక్షకుడు. కనబడి మాయమైన దానిని చూచి భయపడుట తప్ప అతనికి వేరు దారి తోచలేదు.

పునీతవతికి తోచినది. భర్తకొరకు మోసిన ఈ మాంసము నాకిక వలదు, నన్ను నీ పాదములకడ నుండు పేయిని చేయుమని శివుని కోరినది. పేయి యనగా దెయ్యము. అందము రాలిపోయి అస్థిపంజరమైనది. కైలాసమును కాలితో త్రొక్కరాదని తలతో నడిచి పోయినదట. శివుడామెను ‘అమ్మా’ యని పిలిచి, తిరువాలంగాటికి పోయి తన నృత్యమును చూచుచు పాడుచుండుమనెను. ఆమె పాడిన తిరువాలంగాటి పదికములు రెండును తమిళమున శైవభక్తి కవిత్వమునకు తొలినాళ్లవి; ఆమె కాలము 6వ శతాబ్దమని పలువురి మతము. అందు దేవుని వర్ణన కొంచెము, వల్లకాటి వర్ణన మెండు. సగము కాలిన కొరవులు, నక్కలు, గుడ్లగూబలు, పిల్లలను సాకుకొను ఆడుదెయ్యములు — సంసారమంతయు అచ్చటనే యున్నది. ఆమె తన్ను తాను కారైక్కాల్ పేయి యని చెప్పుకొన్నది.

ఇప్పుడు హైగెన్స్ గీసిన అస్థిపంజరమును ఈ అస్థిపంజరము ప్రక్కన నిలుపుడు. అక్కడ దెయ్యము తెరమీద నున్నది, బ్రతికినవారు ఎదుట కూర్చుండి చూచుచున్నారు. ఇక్కడ దెయ్యమే ఎదుట కూర్చుండి చూచుచున్నది. మాయాదీపపు చరిత్రలో దెయ్యము దృశ్యము. తిరువాలంగాటిలో దెయ్యము ద్రష్ట. మా వ్యాసమంతయు ఈ ఒక్క మాట కొరకే. నృత్యము చూచుటకు బ్రతికియున్న దేహము అడ్డమని ఆమె భావించినది. మనము నాటకశాలకు పోవునప్పుడు మన ఆకలి, మన కులము, మన కోపము, ప్రక్కవాని తలపాగా — అన్నియు వెంట గొనిపోవుదుము. ఆమె అన్నింటిని వెలుపల విడిచి లోపలికి వచ్చినది. సహృదయుడు తన్ను తాను మరచి చూచునని అలంకారికులు వాదించిరి గదా. ఆ వాదమునకు ఎముకలతో చేసిన రూపమీమె. తలక్రిందులుగా దూర్చిన గాజు పలకయే తెరపై నిటారుగా నిలుచునను సంగతి ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. పోలికను ఇంతకంటె సాగదీయము.

చోళకాలపు శిల్పులు ఆమెను కంచులో పోసిరి. ఎండిన రొమ్ములు, పైకి తేలిన ప్రక్కటెముకలు, నవ్వు, చేత తాళములు. అట్టి విగ్రహములు నేడు న్యూయార్కు, కాన్సాసు నగరముల మ్యూజియములలోను కలవు. ఆ తాళములను గూర్చి యొక మాట. విద్యారణ్యుల పంచదశిలో నాటకదీపమను ప్రకరణ మున్నది. అందు సంసారమును రాత్రివేళ జరుగు నృత్యసభగా చెప్పినారు. ప్రభువు అహంకారము, సభ్యులు విషయములు, నర్తకి బుద్ధి, తాళము పట్టువారు ఇంద్రియములు, అందరిని సమానముగా వెలిగించుచు నిలుచు దీపము సాక్షి. ప్రభువు లేచిపోయినను, నర్తకి వెడలినను దీపము శూన్యసభను వెలిగించుచునే యుండును. 14వ శతాబ్దపు ఆచార్యుడు మాయాదీపమును చూడలేదు. అయినను యంత్రమును నిర్మించినవారు మరచిన ప్రశ్నను ఆయన వేసినాడు: ఆట ముగిసిన పిమ్మట దీపమునకు ఏమగును? శంకరుల పేర ప్రసిద్ధమైన దక్షిణామూర్తి స్తోత్రములో చిల్లుల కుండలో పెట్టిన దీపపు పోలిక కలదు. లోపలి వెలుగు కన్ను మొదలగు రంధ్రముల గుండ వెలుపలికి ప్రసరించునని. రేకు పెట్టె కంటె ఆ మట్టికుండ మాకు మెరుగైన మాయాదీపముగా కనబడుచున్నది. అందు దీపము చూచువానిలోనే యున్నది.

ఇది వేదాంతము గాని కళావిమర్శ కాదని ఆక్షేపింపవచ్చును. అట్లైన తోలుబొమ్మలాటనే తీసికొందము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున దానిని పేర్కొనెను గనుక అది మనకు కనీసము ఏడువందల యేండ్ల నుండి తెలిసినది. నిమ్మలకుంట మొదలగు చోట్ల దానిని నేటికి నిలిపినవారు ఇంట మరాఠీ సంబంధమైన భాష మాటాడి తెరవెనుక తెలుగు పాడు కుటుంబములవారు. అందు యంత్రము లేదు, కటకము లేదు. బొమ్మను తెరకు ఆనించినచో చర్మపు రంగులు మిలమిల మెరయును. తెర నుండి దీపమువైపు జరిపిన కొలది నీడ పెరిగి, పలుచబడి, అంచులు చెదరి, కలలోని రూపమువలె నగును. హనుమంతుడు పెరుగుట, రాక్షసి మాయమగుట ఇట్లే జరుగును. రాబర్ట్‌సన్ చక్రములతో సాధించినది మనవారు మోచేతితో సాధించిరి. కాని వారు దేనిని దాచలేదు. తెర యున్నదని అందరికి తెలియును; వెనుక పాడుచున్నది ఎవరో తెలియును; కేతిగాడు నడుమ దూరి ఊరి సంగతులు మాటాడి ప్రేక్షకుని తట్టి లేపును. మాయ యని తెలిసియు కన్నీరు కార్చు ప్రేక్షకుడు ఆ కళకు కావలెను. కనుకనే దానిని మాయాదీపమునకు తాతగా చెప్పుట మాకు సమ్మతము కాదు.

మరి చలనచిత్రము ఎవరి బిడ్డ? యంత్రమునుబట్టి రాబర్ట్‌సన్ బిడ్డయే. మచిలీపట్టణమున పుట్టి చెన్నపట్టణమున ఛాయాగ్రాహకుడుగా జీవించిన రఘుపతి వెంకయ్య 1909–10లలో శబ్దముతో కూడిన చిన్న చిత్రములను చూపు యంత్రమును తెప్పించి ప్రదర్శించినప్పుడు, అచ్చట చేరినవారు చూడవచ్చినది కథను గాదు, యంత్రమునే. కాని ఒక్కొక్కసారి బిడ్డకు తాతగారి పోలిక గాక, ఊరి పోలిక వచ్చును. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున విజయావారు తీసిన ‘మాయాబజార్’లో ప్రియదర్శిని యను పేటిక కలదు. మూత తెరచి చూచినవారికి తమకు ప్రియమైన వస్తువు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, రేవతికి నగలు. శ్రీకృష్ణునకు శకుని! ఆ చివరి దృశ్యమును చూచి సభ యంతయు నవ్వును. నవ్విన పిమ్మట ఆలోచించినచో అంతటి విమర్శ మరియొకటి లేదు: ఏ పనికై వచ్చినాడో ఆ పనికి పనిముట్టు శకునియే గదా. పింగళి నాగేంద్రరావు మాటలు వ్రాసిన ఆ చిత్రమున మార్కస్ బార్‌ట్లే కెమెరా ఎన్ని వింతలు చేసినను, ఈ పెట్టె ముందు అవి చిన్నవి. ఇది మాయాదీపమే, కాని బొమ్మ పెట్టెలో లేదు, చూచువానిలో నున్నది. రేకు పెట్టె పోయి చిల్లుల కుండ వచ్చినది.

తరువాతి మన భూతచిత్రములు ఈ దారిన నడువలేదు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, ఆరిపోవు దీపము, కిటికీ తలుపు కొట్టుకొనుట — ఇవి యన్నియు కాపుచిన్ మఠము నుండి దిగుమతియైన సరకులే. మన కొరివిదెయ్యమునకు సైతము వానిలో చోటు దొరకలేదు. చీకటి పొలములలో తన దీపమును తానే పట్టుకొని తిరుగు ఆ పాపాత్మురాలిని ఏ దర్శకుడైనను సరిగా చూపినచో చూడవలెనని మా కోరిక.

‘మాయాబజార్’ తెలుగునను తమిళమునను కూడ తీయబడినది. అది వెలువడిన యేట రాష్ట్రముల సరిహద్దు తిరువళ్లూరునకును తిరుత్తణికిని నడుమ నుండెను. తిరువళ్లూరు మద్రాసు రాష్ట్రమున, తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగముగా ఆంధ్రప్రదేశమున. పటాస్కరుగారి తీర్పు ననుసరించి చేసిన చట్టము ప్రకారము 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమునకు పోయినది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల నుండి సత్యవేడు ప్రాంతము ఇటు వచ్చినది. 1997లో ఏర్పడిన తిరువళ్లూరు జిల్లాలో నేడు రెండు ఊళ్లును కలవు. మా వంటి తెలుగు సంఘముల సంచికలలో ఈ విషయమును గూర్చి విలపించుట పరిపాటి. తిరుత్తణిలో తెలుగు దెయ్యమైనదని, ఉండియు లేనట్లు తిరుగుచున్నదని వ్రాయుదురు. ఈ ఉపమానమును మేము విమర్శింపక తప్పదు.

మాయాదీప ప్రదర్శనములలో ‘కరగు దృశ్యము’ లనునవి యుండెడివి. 19వ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండులో హెన్రీ లాంగ్డన్ చైల్డు వానికి ప్రసిద్ధి తెచ్చెను. రెండు దీపములను ఒకే చోటికి గురిపెట్టి, ఒకదాని వెలుగును మెల్లగా మూయుచు, రెండవదానిని మెల్లగా తెరతురు. వేసవి తోట మంచుతోట యగును. చూచువారు మొదటి బొమ్మను మెచ్చుకొందురు, చివరి బొమ్మను మెచ్చుకొందురు. నేర్పరియైన ప్రదర్శకుడు మాత్రము నడిమి క్షణమును మెచ్చును. అప్పుడు రెండు బొమ్మలును తెరపై నొక్కసారిగా నుండును, పచ్చని కొమ్మలపై మంచు పడుచుండును. తిరువళ్లూరున వీరరాఘవస్వామి కోనేటిలో భక్తులు బెల్లము కరగింతురు. హృత్తాపనాశిని యని దాని పేరు. బెల్లము కరగినందున లేకుండ పోయినదని ఎవ్వరును అనరు. నీరు తీయనైన దందురు. ఆ కోవెల అహోబిల మఠము పరిపాలనమున నున్నది. నల్లమల నరసింహుని పేరు గల మఠము తమిళ ఆళ్వారులు పాడిన దేవుని సేవించుచున్నది. ఇది ఏ బొమ్మ? మొదటిదా, రెండవదా?

తిరుత్తణి కొండకు సంబంధించిన ఐతిహ్య మొకటి ఇచ్చట చెప్పదగును. ముత్తుస్వామి దీక్షితులు అచ్చట ధ్యానమున నుండగా ఒక వృద్ధుడు వచ్చి, నోట కలకండ వేసి, అంతర్ధానమయ్యెనట. దీక్షితుల తొలి కీర్తన మాయామాళవగౌళ రాగమున వెలువడినది. రూపము కరగిపోయినది, రుచి మిగిలినది. పరమదత్తుని చేతిలో మాయమైన మామిడిపండుతో దీనిని పోల్చి చూడుడు. చూచిన యిద్దరిలో ఒకడు పారిపోయినాడు, ఒకరు పాడినారు.

తిరుత్తణిలో 1888లో తెలుగువారింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, వేదాంతము జగత్తును వట్టి గారడీ ప్రదర్శనముగా చేసినదను మిషనరీల విమర్శ ఆయనను బాధించినది. 1908లో ఎం. ఏ. పట్టమునకై వ్రాసిన తొలి గ్రంథము మొదలుకొని ఆయన ప్రత్యుత్తరము ఒక్కటే: మాయ యనగా శూన్యము కాదు, పరమార్థము కాకపోయినను జగత్తు భ్రమ కాదు, అందు చేయు పనికి విలువ కలదు. ఇది తిరుత్తణి మాట యని మేము గర్వముగా చెప్పుకొందుము. తెరమీది బొమ్మ నిజము కాదనుట ఎంత సులభమో, చూచువాని బాధ్యత నిజమనుట అంత కష్టము. పళైయనూరి పెద్దలకు ఆ సంగతి తెలియును. తెలుగు దెయ్యమైనదని విలపించువారిని మే మడుగున దొకటే: దెయ్యమును తెరమీద చూచి యేడ్చుచున్నారా, లేక దెయ్యమువలె తెరయెదుట కూర్చుండి తాళము వేయుచున్నారా? తిరుత్తణి పిల్లలు ఇంట ఏ మాట మాటాడుచున్నారో, ఏ పాట పాడుచున్నారో వ్రాసి యుంచువారు మన సంఘములలో ఎందరు?

తిరువాలంగాటి నటరాజు నేడు తిరువాలంగాటిలో లేడు. కోవెలలో వేరు మూర్తి పూజలందుకొనుచున్నాడు. లోకప్రసిద్ధమైన ఆ పాత కంచు విగ్రహము ఎగ్మూరు మ్యూజియములో నున్నది. చుట్టును ఉండవలసిన జ్వాలామాల లేదు. ఫ్రెంచి శిల్పి రోడాన్ 1913 ప్రాంతమున ఈ మ్యూజియములోని నటరాజులను గూర్చి ఒక రచన చేసెను. అది 1921లో, ఆయన మరణించిన నాలుగేండ్లకు ప్రకటింపబడినది. ఆయన మద్రాసునకు రాలేదు. పారిసులో — ఫాంటస్మగోరియా ఆడిన ఆ పారిసులోనే — ఛాయాచిత్రములను ముందుంచుకొని వ్రాసెను. కంచుపై పడిన వెలుగును, నీడను, అవయవముల పొంకమును ఒక్కొక్కటిగా చూచి పరవశుడయ్యెను. ఛాయను చూచి మూర్తిని గ్రహించిన ఆ చూపునకు మేము నమస్కరింతుము. అయినను ఆ పటములలో నాట్యమాడువాడు ఒంటరిగా నున్నాడు. పాదములకడ తాళములు పట్టి కూర్చుండవలసిన ముసలమ్మ వానిలో లేదు.